గుండు చేస్తే ఒత్తుగా వస్తుందా? కత్తిరిస్తే ఉన్ని పెరుగుతుందా?

విభాగం: జీవశాస్త్రం, పశుపోషణ | తిరుపతి–చిత్తూరు సభ్యుల చర్చ

కపిలతీర్థం_కుర్రోడు (తిరుపతి)

రెండు ప్రశ్నలు ఒకే చోట అడుగుతున్నా. పసిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించాక, ఇంకో రెండు మూడు మార్లు గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని కొండకు వచ్చేవాళ్లలో చాలామంది నమ్మకం. ఇందులో నిజమెంత? రెండోది, కురుబవాళ్లు ఉన్ని గొర్రెలకు ఏడాదికి రెండుసార్లు కత్తెర వేస్తారు. కత్తిరించే కొద్దీ ఉన్ని జాస్తి అవుతుందా? మన నెల్లూరు గొర్రెకు అసలు ఉన్నే ఎందుకు రాదు?

"నమ్మకం వేరు, సైన్సు వేరు" అని ఒక్క ముక్కలో తేల్చేసే జవాబులు వద్దు. చర్మం లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

జువాలజీ_మేడమ్ (తిరుపతి)

కత్తి తాకేది చర్మం పైకి వచ్చిన కాడను మాత్రమే. ఆ కాడలో బతికున్న కణం ఒక్కటీ లేదు. నరం లేదు, రక్తనాళం లేదు. అందుకే కత్తిరిస్తే నొప్పి ఉండదు, పీకితే ఉంటుంది. వెంట్రుకను తయారుచేసే బల్బు తల మీద సుమారు 4 మిల్లీమీటర్ల లోతున, చర్మం కింది కొవ్వులో ఉంటుంది. దాని అడుగున పాపిల్లా అనే చిన్న కణాల ముద్ద, దాని చుట్టూ ఆగకుండా విభజన చెందే మాట్రిక్స్ కణాలు. వెంట్రుక ఎంత లావుగా రావాలన్నది పాపిల్లా సైజు మీద, ఎంత పొడుగు రావాలన్నది మాట్రిక్స్ ఎన్నేళ్లు ఆగకుండా పనిచేస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. పైన కాడ తెగిందన్న కబురు కిందికి చేరే దారే లేదు.

దీన్ని కొలిచి చూశారు కూడా. 1928లో మిల్డ్రెడ్ ట్రాటర్ మగవాళ్ల గడ్డం మీద చూసింది. 1970లో ఇంకొకరు ఐదుగురు మగవాళ్లకు ఒక కాలు వారం వారం గొరిగి, రెండో కాలు వదిలేసి, కొన్ని నెలల తర్వాత రెంటినీ పోల్చారు. లావులో తేడా రాలేదు, పెరిగే వేగంలోనూ రాలేదు.

మరి చేతికి గరుగ్గా ఎందుకు తగులుతుంది? ఎన్నడూ కత్తి పడని వెంట్రుక కొస సన్నగా సాగి ఉంటుంది. గొరిగాక బయటికొచ్చేది దాని నడుము భాగం, మొన అడ్డంగా తెగి మొద్దుగా ఉంటుంది. పైగా పొట్టిగా ఉన్నది వంగదు, ఎండకు రంగు వెలిసి ఉండదు. అందుకే నల్లగా, లావుగా కనబడుతుంది.

పసిపిల్లల సంగతిలో ఇంకో కిటుకు ఉంది. గర్భంలో ఉండగా ఒళ్లంతా లానుగో అనే నూగు ఉంటుంది. ఎక్కువ భాగం పుట్టేలోపే రాలిపోతుంది. పుట్టిన రెండు మూడు నెలలకు తల వెనక వైపు జుట్టు ఊడి బోడిగా కనిపించడం కూడా ఆ వరసలోదే. తలగడ రాపిడి అంటారుగానీ, అక్కడి రోమకూపాలు (వెంట్రుక మొలిచే గుంటలు) ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లడం అసలు కారణం. తర్వాత వచ్చే వెంట్రుకలు ఏటికేడు లావెక్కుతాయి. మనం తొమ్మిదో నెలలోనో పదకొండో నెలలోనో మూడో ఏటో గుండు చేయిస్తాం. అది సరిగ్గా ఆ మార్పు జరిగే కాలమే. చేయించకపోయినా ఆ జుట్టు వచ్చేది. పుట్టాక తలమీద కొత్త రోమకూపాలు ఏర్పడవు; ఉన్న సుమారు లక్షతోనే జీవితమంతా గడవాలి. బిడ్డ తల పెరిగే కొద్దీ ఒక్కో చదరపు సెంటీమీటరుకు కూపాల లెక్క తగ్గుతుంది కూడా.

కల్యాణకట్ట_వీధి

మేడమ్ చెప్పింది కరెక్టు. పనిలో పనిగా ఒక మాట. గుండుకు ముందు జుట్టును ఊరికే తడిపి వదిలితే చాలదు, రెండు మూడు నిమిషాలు నీళ్లు పట్టించి నానబెట్టాలి. వెంట్రుక తన బరువులో సుమారు 30 శాతం దాకా నీరు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది, బ్లేడు లాగదు. పిల్లల తలకైతే ఇది మరీ ముఖ్యం. జుట్టు వాలిన దిక్కులోనే గీయాలి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది గానీ, కాడ చర్మం లోపలికంటా తెగి, మొలిచేటప్పుడు పక్కకు గుచ్చుకుని చీముపొక్కులు లేస్తాయి. బ్లేడు మన కళ్లముందే కొత్తది తీయాలి, ఇందులో మొహమాటం పనికిరాదు.

చర్మవైద్యం_చిత్తూరు

"గుండు చేయించాక ఊడటం ఆగింది" అనే మాట ఓపీలో రోజూ వినబడుతుంది. దాని వెనక ఉన్నది వెంట్రుక చక్రం.

తలమీద ఏ రోజు చూసినా నూటికి 85–90 కూపాలు అనాజెన్‌లో, అంటే పెరిగే దశలో ఉంటాయి. ఈ దశ రెండు నుంచి ఆరేళ్లు. తర్వాత రెండు మూడు వారాల కాటజెన్‌లో బల్బు కుంచించుకుపోతుంది. ఆపైన సుమారు మూడు నెలల టెలోజెన్, అంటే విశ్రాంతి. చివర పాత కాడ రాలి, అదే కూపంలో కొత్తది మొదలవుతుంది. రోజుకు 50–100 వెంట్రుకలు రాలడం మామూలే. పెరిగే వేగం రోజుకు 0.3–0.4 మి.మీ., నెలకు ఒక సెంటీమీటరు చొప్పున.

డెంగీ, టైఫాయిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, కడుపు మాడ్చుకునే డైటింగ్... ఇలాంటివి వచ్చినప్పుడు చాలా కూపాలు ఒక్కసారిగా అనాజెన్ ఆపేసి టెలోజెన్‌లోకి వెళ్తాయి. కానీ ఊడటం ఆ వారం కనబడదు, రెండు మూడు నెలల తర్వాత కనబడుతుంది. అందుకే పేషెంటు నిన్న మార్చిన షాంపూని తిడతాడు, మొన్న శ్రావణంలో వచ్చిన జ్వరాన్ని మరిచిపోతాడు. ఊడటం ఎక్కువైనప్పుడు మొక్కుకుని గుండు చేయిస్తారు. రాలాల్సినవి అప్పుడూ రాలుతూనే ఉంటాయి, కాకపోతే రెండు మిల్లీమీటర్ల ముక్కలు దువ్వెనలో దొరకవు, దిండు మీద కనబడవు. అవి మళ్లీ పొడుగయ్యే నాటికి, అంటే ఐదారు నెలలకు, జబ్బు దానంతటదే సర్దుకుని ఉంటుంది. పేరు గుండుకు వస్తుంది.

ఇంట్లో చూసుకునే పరీక్ష: తలస్నానం చేసి ఒక రోజు గడిచాక 50–60 వెంట్రుకలను వేళ్ల మధ్య మొదట్లో పట్టుకుని, కొస దాకా మెల్లగా లాగండి. ఐదారుకు మించి చేతికొస్తే లెక్క ఎక్కువున్నట్టే. వచ్చినవాటి మొదళ్లు చూడండి. తెల్లగా, చిన్న గుండ్రని ముద్దలా ఉంటే టెలోజెన్. నల్లటి మొదలు చుట్టూ జిగురులాంటి తొడుగు ఉంటే అనాజెన్. మెల్లగా లాగితే అది రాకూడదు, వస్తే డాక్టరుకు చూపించాలి.

గుండు చేయించుకున్నవాళ్ల మీద ఇంకా నికరమైన కొలత ఒకటుంది. చెవి పైన ఒక చదరపు సెంటీమీటరు మేర జుట్టును ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు ఉంచి కత్తిరించి, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫొటో తీయాలి. మూడో రోజు అదే చోట ఇంకో ఫొటో. పెరిగేవి మరో మిల్లీమీటరు సాగి ఉంటాయి, విశ్రాంతిలో ఉన్నవి ఉన్నచోటే ఉంటాయి. సాగనివి 20 శాతం దాటితే ఊడే జబ్బు నడుస్తున్నట్టు. బ్లేడుతో నున్నగా గీస్తే ఈ లెక్క చెడుతుంది, ఎందుకంటే సాగనివి మొదటి ఫొటోలోనూ కనబడవు, రెండో దాంట్లోనూ కనబడవు.

కపిలతీర్థం_కుర్రోడు

సార్, బయోటిన్ అనే విటమిన్ మాత్రలు అందరూ మింగుతున్నారు కదా, వాటి సంగతి?

చర్మవైద్యం_చిత్తూరు

బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివాళ్లకు దానివల్ల ఒరిగేది లేదు. పైగా ఎక్కువ మోతాదులో మింగితే థైరాయిడ్, గుండెపోటుకు చేసే ట్రోపోనిన్ లాంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తారుమారవుతాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, వాడుతున్న సంగతి ల్యాబ్‌లో చెప్పండి. ఆ డబ్బులతో హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) చూపించుకోండి. మన ఆడవాళ్లలో జుట్టు ఊడే కేసుల్లో ఇనుము లోటు మాటిమాటికీ బయటపడుతుంది.

బట్టతల వేరే కథ, దాన్ని దీంతో కలపొద్దు. అక్కడ డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావానికి పాపిల్లా చక్రం చక్రానికీ చిన్నదవుతుంది, అనాజెన్ కురచవుతుంది, లావు వెంట్రుక నూగుగా మారుతుంది. అదే హార్మోను గడ్డం దగ్గర నూగును లావు వెంట్రుకగా మారుస్తుంది. హార్మోను ఒకటే, జవాబిచ్చే కూపం వేరు.

గ్రూమింగ్_బాబు (తిరుపతి)

"కత్తి పెడితే ఏమీ కాదు" అన్నది మనిషి తల వరకే. కుక్కల దగ్గర ఈ మాట నమ్మి దెబ్బతింటున్నారు. ఎండాకాలం వస్తే చాలు, హస్కీని తెచ్చి నున్నగా గొరిగేయమంటారు. హస్కీ, సమోయెడ్, చౌచౌ లాంటివాటికి పైన గట్టి బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు, రెండు పొరలు. గొరిగితే కొన్నిటికి ఆ చోట ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాదిన్నర, రెండేళ్ల దాకా మొలవదు. మొలిచినా ముందు లోపలి పొర వస్తుంది, పైపొర గీతలు గీతలుగా వస్తుంది. అదే పూడిల్‌కు ఎన్నిసార్లు కత్తిరించినా పెరుగుతూనే ఉంటుంది. ఎందుకో మేడమ్ చెప్పాలి.

మా పద్ధతి: హస్కీకి వారానికి రెండుసార్లు లోపలి బొచ్చు దువ్వెనతో, అంటే అండర్‌కోట్ రేక్‌తో దువ్వి రాలేదాన్ని బయటికి తీయడం. స్నానం చేయించాక బ్లోయర్‌తో మొదలు దాకా ఆరబెట్టడం. తడి లోపలే ఉంటే మన ఉక్కకు రెండు రోజుల్లో పుండ్లు పడతాయి. కత్తెర పాదాల కింద, తోక అడుగున తప్ప పెట్టం.

జువాలజీ_మేడమ్

మంచి ప్రశ్న. ఇందాకటి చక్రాన్నే కుక్కకు అన్వయించండి. మన తలలో నూటికి తొంభై పెరుగుతూ ఉంటాయి, కాబట్టి గొరిగిన మర్నాడే మొలక కనబడుతుంది. హస్కీలో తిరగేసి చూడాలి: ఎక్కువ కూపాలు ఏడాదిలో ఎక్కువ కాలం టెలోజెన్‌లోనే ఉంటాయి. పాత కాడ చర్మంలో గుచ్చుకుని కూర్చుంటుంది. దాన్ని గొరిగితే కూపం తిరిగి మేల్కొనే దాకా బోడే. కత్తి కూపాన్ని చెడగొట్టలేదు, కూపం నిద్రలో ఉన్నప్పుడు పడింది. పూడిల్ మన తలలాగే దీర్ఘ అనాజెన్ రకం.

2009లో కుక్కల బొచ్చు మీద వచ్చిన పరిశోధనలో మూడే మూడు జన్యువులు జాతుల మధ్య తేడాలను చాలావరకు వివరించాయి: పొడుగుకు ఎఫ్‌జీఎఫ్5, ఉంగరాలకు కేఆర్‌టీ71, మీసాలు కనుబొమల కుచ్చులకు ఆర్‌ఎస్‌పీఓ2. వీటిలో ఎఫ్‌జీఎఫ్5 "ఇక చాలు, ఆపు" అని కూపానికి చెప్పే సంకేతం. అది పాడైతే అనాజెన్ సాగుతుంది, బొచ్చు పొడుగవుతుంది. ఎలుకలో, పిల్లిలో, కుక్కలో ఒకే జన్యువుది ఒకే పని.

జీవాల_డాక్టరు (తిరుపతి)

ఇప్పుడు గొర్రెల దగ్గరికి వద్దాం. గొర్రె చర్మంలో రెండు రకాల కూపాలు. ప్రైమరీ కూపానికి స్వేదగ్రంథి, తైలగ్రంథి, రోమాన్ని నిక్కించే కండరం మూడూ ఉంటాయి. సెకండరీకి చిన్న తైలగ్రంథి తప్ప మిగతావి ఉండవు. మూడు ప్రైమరీలు ఒక వరసలో, వాటికి ఒక పక్కన సెకండరీల గుంపు, ఇదీ అమరిక. ముతక వెంట్రుక ప్రైమరీ నుంచి, సన్నటి ఉన్ని సెకండరీ నుంచి. ఒక్కో ప్రైమరీకి ఎన్ని సెకండరీలన్న నిష్పత్తే జాతి జాతకం. సన్న ఉన్ని జాతి మెరినోలో అది సుమారు 20. ముతక జాతుల్లో ఐదు లోపు.

గొర్రె పూర్వీకుడైన అడవి మౌఫ్లాన్‌కు పైన ముతక వెంట్రుక, లోపల కాస్త ఉన్ని, వసంతంలో రాలడం ఉంటాయి. మనుషులు తరతరాలుగా ఏరుకుంటూ వచ్చి, ఉన్ని రాలకుండా పెరిగే జాతుల్ని తయారుచేశారు. 2017లో ఒక ఫ్రెంచి బృందం, ఉన్ని జాతుల్లో ఐఆర్‌ఎఫ్2బీపీ2 అనే జన్యువు చివర వేరే జన్యువు నకలు ఒకటి వచ్చి దూరి ఉందని చూపించింది. అది లేనిది వెంట్రుక రకం.

నెల్లూరు గొర్రె వెంట్రుక రకమే. ఒళ్లంతా పొట్టి వెంట్రుక, ఛాతీ మీద, మెడ మొదట్లో, వెనక తొడల దగ్గర మాత్రం కాస్త పొడుగు. తెల్లటి పల్ల, మొహం మీద నల్ల మచ్చల జోడిపి, గోధుమ రంగు డోర, మూడింటికీ ఇదే. వైశాఖం ఎండలో మేసే జీవానికి పది సెంటీమీటర్ల ఉన్ని కప్పితే అది నీడ దాటి రాదు. ఉన్ని లేకపోవడం దానికి లోటు కాదు.

కత్తెర ప్రశ్నకు జవాబు: కత్తిరిస్తే కూపాలు పెరగవు, నిష్పత్తి మారదు. ఏడాదికి రెండుసార్లు వేస్తారంటే కాడ పొడుగు సగమవుతుంది, మొత్తం బరువు మేతను బట్టి ఉంటుంది. అయితే కూపాల లెక్క మారే కాలం ఒకటుంది, అది మన చేతిలోనే ఉంటుంది. గొర్రె సూడి సుమారు 150 రోజులు. పిండంలో ప్రైమరీలు 60వ రోజు చుట్టుపక్కల మొదలవుతాయి. సెకండరీలు 90వ రోజు దగ్గర. 105 రోజుల తర్వాత ఆ సెకండరీలే కొమ్మలు వేసి కొత్తవాటినిస్తాయి. ఉన్ని ఒత్తు తేలేది ఆఖరి నెలన్నరలోనే. అప్పుడు తల్లికి కడుపు నిండకపోతే పిల్లకు సెకండరీలు తగ్గిపోతాయి, ఆ తగ్గిన లెక్క జీవితాంతం అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎంత మేపినా ఉన్న కూపాలు లావైన పోగునిస్తాయే తప్ప, కొత్త కూపం రాదు.

పలమనేరు_మంద

సార్, మాది మాంసం మంద, పల్ల జాస్తి. అయినా పక్కూరి ఉన్ని గొర్రెల వాళ్లు అడుగుతున్నారు. ఉన్నికి గంధకం కావాలి, నువ్వుల చెక్క పెట్టమని ఎవరో చెప్పినారంట. చెనక్కాయ చెక్క చాలదా?

జీవాల_డాక్టరు

అన్నా, సగం నిజం. ఉన్నిలోని ప్రొటీను కెరాటిన్‌లో గంధకం 3–4 శాతం, అదీ దాదాపు అంతా సిస్టీన్ అనే అమైనో ఆమ్లం రూపంలో. వేరుశనగ చెక్కలో గంధకం ఉండే ఇంకో అమైనో ఆమ్లం మిథియోనిన్ తక్కువ, నువ్వుల చెక్కలో ఎక్కువ, అది కూడా నిజమే. కోడికైతే లెక్క అక్కడితో అయిపోతుంది. గొర్రెకు మధ్యలో రూమెన్ (మొదటి పొట్ట) ఉంది. చెక్కలోని మాంసకృత్తులను ఎక్కువ భాగం అక్కడి సూక్ష్మజీవులే విడగొట్టి తమ ఒంటికి కట్టుకుంటాయి. గొర్రెకు దక్కేది ఆ సూక్ష్మజీవుల ప్రొటీను. అందుకే మామూలు మిథియోనిన్ పొడి నోట్లో పోస్తే దండగ. 1960లలో ఆస్ట్రేలియాలో సిస్టీన్‌ను రూమెన్ దాటించి నేరుగా నాలుగో పొట్టలోకి ఎక్కిస్తే ఉన్ని పెరిగింది. ఇప్పుడు పూతవేసిన మిథియోనిన్ దొరుకుతుంది గానీ, మన ముతక ఉన్ని ధరకు అది కిట్టుబాటు కాదు.

చేయదగింది: సూడి ఆఖరి నెలన్నరలో మేపుతో పాటు రోజుకు తలకు 200–250 గ్రాముల దాణా. అవిశ, సుబాబుల్ రొట్ట ఉంటే మంచిది, సుబాబుల్ మేతలో మూడో వంతు దాటనివ్వొద్దు. అందులోని మిమోసిన్ మోతాదు మించితే బొచ్చు ఊడుతుంది. మిమోసిన్ మాట్రిక్స్ కణాల విభజనను ఆపుతుంది, ఉన్ని అక్కడే తెగుతుంది. యూరియా కలిపిన గడ్డి పెట్టేవాళ్లు గంధకం మరిచిపోవద్దు: నత్రజని పది పాళ్లకు గంధకం ఒక పాలు ఉంటేనే సూక్ష్మజీవులు ప్రొటీను కట్టగలవు.

ఇంకో తేడా గమనించండి. నీలి నాలుక జ్వరం తగ్గిన కొన్ని వారాలకు ఉన్ని పొరలు పొరలుగా చేతికి ఊడొస్తే, కింద చర్మం శుభ్రంగా ఉంటే, అది జ్వరంలో కూపాలు ఆగిన గుర్తు; మందు అక్కర్లేదు, మేత చాలు. చర్మం మందంగా పొక్కు కట్టి, జీవం గోడకు రుద్దుకుంటుంటే అది గజ్జి, మందంతటికీ వైద్యం చేయాలి.

కుప్పం_కంబళి

నల్ల ఉన్ని గోధుమ రంగులోకి తిరుగుతోందని మాదగ్గరికి వస్తుంటారు. రాగి లోటు అని మినరల్ మిక్చర్ పోసేస్తారు. ముందు ఉన్ని విప్పి చూడండయ్యా. కొస గోధుమగా, మొదలు నల్లగా ఉంటే అది ఎండ. మొదలే వెలిసి, కొస నల్లగా ఉంటే అప్పుడు లోపల లోటు. ఈ మధ్య పెరిగింది మొదటే కదా ఉండేది.

జీవాల_డాక్టరు

భలే పట్టారు, ఇది మా విద్యార్థులకూ చెప్పాలి. రంగు తయారుచేసే టైరోసినేజ్ ఎంజైముకు రాగి కావాలి, కెరాటిన్ గొలుసుల మధ్య గంధకపు వంతెనలు పడటానికీ రాగి కావాలి. లోటైతే నలుపు వెలుస్తుంది, ఉంగరాలు పోయి ఉన్ని తీగలా సాఫీగా వస్తుంది. కానీ గొర్రె కాలేయం రాగిని దాచుకుంటుందే గానీ సులువుగా వదలదు. దాణాలో కిలోకు 25 మి.గ్రా. దాటి నెలల తరబడి పెడితే, ఒకరోజు ఏదో ఒత్తిడికి కాలేయంలోని రాగి అంతా రక్తంలో కలుస్తుంది. కళ్లు పచ్చబడి, మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోసి, రెండు మూడు రోజుల్లో చస్తుంది. పశువులకని అమ్మే మినరల్ మిక్చర్‌ను గొర్రెలకు పెట్టకండి, గొర్రెలకని రాసి ఉన్నదే తీసుకోండి.

కుప్పం_కంబళి

కంబళికి పనికొచ్చే సంగతి ఇంకొకటి. ఉన్నిలో కలిసిన చచ్చుపోగు రంగు పట్టదు, నేసినాక బయటికి గుచ్చుతుంది. దాని నడుమ గొట్టంలా గాలి ఉంటుంది. కంటికి సున్నంలా తెల్లగా, చప్పిడిగా, పొట్టిగా కనబడేది అదే. ఏరడానికి ఒక తేలిక దారి: గుప్పెడు ఉన్నిని సబ్బునీళ్లలో జిడ్డు పోగొట్టి ఆరబెట్టి, గాజుగ్లాసులో లవంగనూనె పోసి ముంచండి. మంచి పోగు నూనెలో కలిసి దాదాపు మాయమవుతుంది, చచ్చుపోగు మాత్రం తెల్లగా నిలబడుతుంది. లవంగనూనె, కెరాటిన్ రెండూ వెలుగును దాదాపు ఒకే తీరున వంచుతాయి, గాలి వంచదు. కొబ్బరినూనెతో ఇది సరిగ్గా రాదు.

పోగు పొలుసులు కొస వైపు వాలి ఉంటాయి. ఒక తల వెంట్రుకను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి పొడుగునా ముందుకూ వెనక్కూ రుద్దండి. ఏ దిక్కుకు రుద్దినా అది మొదలు వైపే పాకుతుంది. తడి ఉన్నిని కాళ్లతో తొక్కితే గట్టిపడి బట్ట ముడుచుకునేది ఇందుకే: ఒక్కో పోగూ మొదలు ముందుకు పెట్టి దూరుతుంది, వెనక్కి రాలేదు. వేడినీళ్లు, సబ్బు, తొక్కుడు మూడూ కలిస్తే ఇంకా తొందర. ఇంట్లో కంబళిని వాషింగ్ మెషీన్లో వేసేవాళ్లు ఇది చదవాలి. చల్లటి నీళ్లు, పిండకుండా నీడన పరచడం, అంతే.

హార్స్‌లీ_కొండ (మదనపల్లె)

ఇక్కడ కొండమీద చల్లగానే ఉంటుంది. పష్మీనా మేకలు తెచ్చి పెంచితే ఎలా ఉంటుంది? చలి ఉంటే చాలు కదా?

జువాలజీ_మేడమ్

చలి కాదండీ, అసలు గడియారం పగటి పొడుగు. లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగీ మేకకు సెకండరీ కూపాలు వేసవి అయనాంతం దాటి పగలు తగ్గే కొద్దీ పనిచేస్తాయి, శీతాకాలంలో ఆగుతాయి, వసంతంలో రాలతాయి. అప్పుడే దువ్వి తీస్తారు. 12–15 మైక్రాన్ల పోగు అది, మన తల వెంట్రుక 50 నుంచి 100. రాత్రి పొడుగును మెదడులోని పీనియల్ గ్రంథి తన హార్మోను మెలటోనిన్‌తో కొలుస్తుంది. పగలు పెరిగితే ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరిగి, కూపం చక్రాన్ని తిప్పుతుంది.

లేహ్‌లో ఏడాదిలో పొడుగాటి పగటికీ పొట్టి పగటికీ నాలుగున్నర గంటల పైచిలుకు తేడా. మన అక్షాంశంలో గంటన్నర. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తున చల్లగా ఉండొచ్చు గానీ సూర్యుడు తిరుపతిలో లాగే ఉదయించి అస్తమిస్తాడు. గడియారం సరిగ్గా తిరగదు, పోగులు ఒకేసారి రాలవు, దువ్వడానికి దొరకవు. దాని మీద నాలుగు వేల మీటర్ల మీది పొడి చలికి అలవాటైన జీవాన్ని మన వానకాలపు తేమలో నిలపడం ఇంకో తలనొప్పి.

కూపాన్ని మందుతో ఆపొచ్చా అంటే, ఆపారు. ఆస్ట్రేలియాలో ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీను ఇంజెక్షన్ ఇస్తే కూపాలన్నీ కొద్దిరోజులు ఆగి, పోగు అక్కడే సన్నబడి తెగుతుంది. గొర్రెకు వల తొడిగి కొన్ని వారాల తర్వాత ఉన్నిని కత్తెర లేకుండా ఒలిచేసేవారు. 1998లో బయోక్లిప్ పేరుతో అమ్మకానికి వచ్చింది.

వెటర్నరీ_ఫైనలియర్ (తిరుపతి)

సార్, సెకండరీ–ప్రైమరీ నిష్పత్తి లెక్కపెట్టే స్లైడ్లు చేయాలి. సెక్షన్లన్నీ (చర్మం పల్చటి కోతలన్నీ) ఏటవాలుగా వస్తున్నాయి, కూపాలు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో పడుతున్నాయి. ఎక్కడ పొరపాటు?

జీవాల_డాక్టరు

ముందుగా ఐఏఈసీ (జంతు ప్రయోగాల నైతిక కమిటీ) అనుమతి ఉందో లేదో చూసుకో. ఇక పొరపాటు దాదాపుగా ఫిక్సింగ్ (ముక్క చెడకుండా ఫార్మలిన్‌లో వేయడం) దగ్గరే. చర్మం ముక్క ఫార్మలిన్‌లో పడగానే ముడుచుకుని దోనెలా వంగుతుంది. ఆ తర్వాత ఎంత నిటారుగా పెట్టి కోసినా ఏటవాలే.

నడిపక్కన, ఆఖరి పక్కటెముక మీద వెంట్రుక దగ్గరగా కత్తిరించు. మత్తుమందు లిగ్నోకెయిన్‌ను కోసే చోటులో గుచ్చొద్దు, చుట్టూ ఇవ్వు. లోపల గుచ్చితే నీరు చేరి కూపాలు ఎడమవుతాయి. ఒక సెంటీమీటరు గుండ్రటి కత్తి ట్రెఫైన్‌తో గుండ్రంగా తిప్పుతూ కోసి, కింది కొవ్వు కొద్దిగా ఉండేలా తీయి. వెంటనే కొవ్వు వైపు కిందికి పెట్టి గట్టి కార్డుముక్క మీద పరిచి, నిమిషం అంటుకోనిచ్చి, కార్డుతో సహా 10 శాతం ఫార్మలిన్‌లో తలకిందులుగా వేయి. 24 నుంచి 48 గంటలు. బ్లాకులో చర్మం పైభాగం కత్తికి సమాంతరంగా ఉండాలి. 8 మైక్రాన్ల అడ్డకోత సెక్షన్లు తీస్తూ, పదేసి సెక్షన్లకు ఒకటి సూక్ష్మదర్శినిలో చూస్తూ పో. తైలగ్రంథులు కనబడే మట్టంలో ఆగాలి. అంతకన్నా పైకి వెళితే ఒకే రంధ్రంలో నాలుగైదు పోగులు కలిసిపోయి కూపాల లెక్క తగ్గుతుంది, మరీ కిందికి వెళితే పొట్టి సెకండరీల బల్బులు తప్పిపోతాయి.

ప్రైమరీని సైజును బట్టి గుర్తుపట్టొద్దు, ముతక జాతుల్లో సెకండరీ కూడా లావుగానే ఉంటుంది. పక్కన స్వేదనాళం, కండరం ఉన్నాయా చూడు. లేకుంటే సెకండరీ కింద రాయి. కనీసం పది గుంపులు లెక్కపెట్టు, అంచున తెగినవి వదిలేయి. ప్రాసెసింగ్‌లో ముక్క ముడుచుకుంటుంది కాబట్టి చదరపు మిల్లీమీటరుకు ఎన్ని అని చెప్పాలంటే, కోసిన వెంటనే కొలిచిన వైశాల్యంతో సరిచేయాలి. నిష్పత్తికి ఆ సరిదిద్దుడు అక్కర్లేదు, రెండూ కలిసే ముడుచుకుంటాయి.

వెటర్నరీ_ఫైనలియర్

కార్డు మీద పరవడం మా మాన్యువల్లో లేదు సార్. రేపటి శాంపిల్ అలాగే చేస్తా. గొర్రెపిల్లల వయసు ఎంత ఉండాలి?

జీవాల_డాక్టరు

నాలుగు నెలలు దాటనివ్వు. పుట్టినప్పుడు సెకండరీల్లో చాలావాటికి ఇంకా పోగు రాదు, స్లైడులో ఉత్త కణాల గుత్తుల్లా ఉంటాయి, లెక్క తప్పుతావు.